జేబులు

బొగ్గుల ఇస్త్రీపెట్టె నాది, ఐదు కిలోలుంటది.
నిజాంపేట సందుల, ఐదంతస్తుల బిల్డింగు కింద
కరెంటు మీటర్ల పక్కన నా బల్ల.
పద్దెనిమిది ఇండ్లు.
ఎవరి ముఖం ఎట్లున్నా
వాళ్ల బట్టలు నాకు అబద్ధం చెప్పయి.

మూడొందల నాలుగుల సారువి వారానికి పది అంగీలు,
కాలరు కత్తి లెక్క నిలవాలె.
మేడమువి గంజివెట్టిన కాటన్ కుర్తాలు.
పాపవి స్కూలు గౌన్లు రెండు, నీలం గళ్లవి.
దసరా సెలవులైనంక
మూటల నీలం కనవడుడు బందైంది.
నేను బట్టలు లెక్కవెట్టేదాన్ని, ముచ్చట్లు కాదు.
ఊకున్న.

ఓ ఆదివారం రాత్రి పాపే దిగొచ్చింది,
లిఫ్టుల గాదు, మెట్ల మీంచి.
పేరు హన్విక. ఎనిమిదేండ్లుంటయి.
చేతుల తడి గౌను, గుప్పిట్ల ఐదు రూపాయల బిళ్ల.
"ఆంటీ, రేపు అసెంబ్లీ ఉంది."

పెట్టె పెట్టిన.
పెట్టిన కాడల్లా గోధుమరంగు మరకలు తేలినయి,
సబ్బు మాడిన వాసన.
నలభై ఏండ్ల సంది బట్టల్లనే ఉన్న, నాకెర్కే,
జాడియ్యని సబ్బే గట్ల మాడుతది.
బకీట్ల ముంచి, పిండే బలం లేక
అట్లనే పైకి తీసిన చేతులు
నా బల్ల అంచు పట్టుకొని నిలవడ్డయి.

జేబుల చెయ్యి పెట్టిన, పెన్నుంటదేమోనని.
టమాట సాస్ పాకిట్లు. నాలుగు.
హోటల్ పార్సిళ్లల్ల వచ్చేటియి,
మూల కొరికి, పీల్చి పీల్చి
కాయితం లెక్క పలచగ చేసినయి.

"తిన్నవా బిడ్డా?"
"మమ్మీ డాడీ లేటుగా వస్తరు."
"నిన్న?"
"నిన్న కూడా."
మొన్న సంగతి అడగలే. నాకు భయమైంది.

వాచ్‌మెన్ పోచాలు అన్నడు:
"పెద్దోళ్ల ఇంటి ముచ్చట, మనకెందుకు పెద్దమ్మా,
ఒక్క ఇల్లు పోతే నెలకు ఎనిమిది వందలు."
నిజమే.
రాత్రంతా ఆ ఎనిమిది వందలతోని కొట్లాడిన.

నాలుగేండ్ల కింద, ఇదే బిల్డింగు మీటింగుల
నా మనవడు బొగ్గుల కాడ ఆడుతున్నడని
"పిల్లల్ని ఇట్లనా పెంచేది" అన్నరు.
వాని మోకాళ్లకు మసి ఉండె, ఒప్పుకుంట.
కని పొద్దుగూకేవరకు
ఇరవైసార్లు వాన్ని పేరు పెట్టి పిలిచేదాన్ని.
మసి కడిగితే పోతది.
పిలువని పేరు యాడికి పోతదో నాకు తెల్వది.

మొదలు మేడముకే చెప్పిన.
స్కానరు దిక్కు ఫోను పట్టి "ఎంతైంది" అన్నది.
"పాప చిక్కింది అమ్మా."
"ఆ ఏజ్ అంతేలే."
ఆమె కండ్ల కింద గూడ నలుపుండె,
ఆమెను ఎవరు అర్సుకుంటున్నరో.
తిట్టబుద్ధి గాలే.
ఊకుండబుద్ధి గూడ గాలే.

రెండో అంతస్తు టీచరమ్మకు చీర ఇయ్యబోయి
సాస్ పాకిట్లు ఆమె దోసిట్ల పోసిన.
చానాసేపు మాట్లాడలే ఆమె.
తర్వాత పది తొంభై ఎనిమిదికి ఫోను కొట్టి
"చూసింది నువ్వు, నువ్వే చెప్పు" అని నా చెవికి పెట్టింది.
నా పేరు అడుగుతరేమోనని గుండె దడదడ.
పిల్ల పేరే అడిగిన్రు.
హన్విక, అన్న.
గట్టిగ అన్న.

ఫైలు వట్టుకొని ఇద్దరొచ్చిన్రు, రెండుసార్లు.
తలుపెనక ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వది.
రెండు నెలలు ఆ ఇంటి మూట రాలే.
మేడము నా బల్ల ముంగట నుంచి
ఫోను చూసుకుంట పోయేది.

శివరాత్రి దాటినంక మూటొచ్చింది.
నీలం గళ్లు రెండు.
మూడు నీళ్లల్ల జాడిచ్చిన వాసన.
మెడ కాడ తెల్ల గుండీకి నల్ల దారం,
దర్జీ కుట్టింది గాదు.
అలవాటు లేని పెద్దచెయ్యి ఏదో
ఏడుసార్లు గుచ్చి, ముడి పైకే వేసింది.

ఆ ముడి చుట్టూ పెట్టె పైలంగ నడిపిన.
ఐనా,
జేబులు చూసుడు మాత్రం ఇడ్వలే.